“ఆయన తొందరగా వెళ్లిపోతే బాగుండు” అని అమ్మ అన్నారంటే, ముందు చూడాల్సింది రాత్రిళ్లు

మీరు రాసిన దాంట్లో నాకు అవసరమైనవి ఇవి. నాన్నగారికి 67 ఏళ్లు, పాంక్రియాస్ క్యాన్సర్ లివర్‌కి పాకింది. ఇంక కీమో వల్ల లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు ఆంకాలజిస్టు. ఇల్లు ఖమ్మం పక్క ఊళ్లో. చూసుకునేది అమ్మ, వదిన. అన్నయ్య శని, ఆదివారాలు వస్తాడు. మీరు బెంగళూరులో, అక్క డాలస్‌లో. నాన్నగారికి జబ్బు పేరు చెప్పలేదు, అల్సర్ అన్నారు. నొప్పితో రాత్రిళ్లు పడుకోవడం లేదు. మొన్న అమ్మ “ఆయన తొందరగా వెళ్లిపోతే బాగుండు” అనేసి, వెంటనే లెంపలేసుకుని, అప్పట్నుంచీ సరిగా తినడం లేదు. అమ్మకి కౌన్సెలింగ్ ఇప్పించాలా, సైకియాట్రిస్టుకి చూపించాలా అన్నది మీ ప్రశ్న.

చూపించాల్సి రావచ్చు. ఎప్పుడన్నది కింద రాస్తాను. కానీ మొదటి పని అది కాదు. ఇలాంటి ఇళ్లలో జనం కుంగిపోయేది మనోధైర్యం తక్కువై కాదు. రోగి నొప్పి తగ్గదు, దాంతో ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. రోజూ ఆయన మొహం మీదే అబద్ధం చెప్పాలి. ఆ చివరి రోజు వస్తే ఏం చేయాలో ఎవరూ అనుకుని ఉండరు. వీటిని అలాగే ఉంచి కౌన్సెలింగ్‌కి పంపితే, గంటసేపు ఏడ్చి, మళ్లీ అదే మంచం దగ్గరికి తిరిగొస్తారు.

ముందు అమ్మగారి మాట సంగతి. నెలల తరబడి చేస్తున్నవాళ్లలో చాలామందికి ఈ ఆలోచన వస్తుంది, పైకి అనేది కొద్దిమందే. ఆమె కోరుకున్నది ఆయన చావుని కాదు, ఆ మూలుగు ఆగడాన్ని. “ఛ, అలా అనకూడదమ్మా” అని మీరు అన్నారా, ఇక మళ్లీ మీ దగ్గర నోరు విప్పరు. “ఆయన అంత బాధపడుతుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుందమ్మా. ముందు ఆ నొప్పి సంగతి చూద్దాం” అనండి చాలు. మాట అక్కడితో ఆగకుండా “ఆయనతో పాటే నేనూ పోతాను” అన్నా, మాత్రలన్నీ ఒకచోట కూడబెడుతున్నా, “ఇంకో రెండు ఎక్కువ వేస్తే పోతుంది కదా” అన్నా మాత్రం అది వేరే విషయం. అప్పుడు మందుల డబ్బా వదిన చేతికి మారాలి, అమ్మ ఒంటరిగా ఉండకూడదు, అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇక నొప్పి. పాంక్రియాస్ నొప్పి పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకి వంగి దిండు కౌగిలించుకుని కూర్చుంటే కాస్త నయం. ఇది పారాసెటమాల్‌కీ, ట్రమడాల్‌కీ లొంగే దశ దాటితే మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు కావాలి. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల దేశంలో మార్ఫిన్ దొరకడమే గగనమైపోయింది. 2014 సవరణ తర్వాత గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని నిల్వ ఉంచి ఇవ్వడం సులువైంది. మీ వీధి మెడికల్ షాపులో అడిగి లేదన్నారని ఊరుకోవద్దు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో ‘ఆలన’ పేరుతో పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు, వాటి బృందాలు ఇంటికీ వస్తాయి. ఖమ్మం జిల్లా ఆసుపత్రిలో ఆ పేరుతోనే అడగండి. నాన్నగారి బయాప్సీ రిపోర్టు, చివరి సీటీ స్కాన్, ఆంకాలజిస్టు రాసిన డిశ్చార్జి సమ్మరీ, ఆధార్ జిరాక్సులు తీసుకుని అన్నయ్య వెళ్తే చాలు, మొదటిసారికే ఆయన్ని కదిలించనక్కర్లేదు. దారి తెలియకపోతే ఈ వైద్యం మీదే పనిచేసే స్వచ్ఛంద సంస్థ పాలియం ఇండియా వాళ్ల హెల్ప్‌లైను 1800-202-7777 పగటి వేళల్లో పలుకుతుంది.

మార్ఫిన్ దగ్గర ఇళ్లలో జరిగే పొరపాట్లు నాలుగే నాలుగు, ప్రతి ఇంట్లోనూ అవే. నొప్పి వచ్చాకే వేయడం మొదటిది. మార్ఫిన్ మామూలు మాత్ర పనిచేసేది దాదాపు 4 గంటలే కాబట్టి నొప్పి ఉన్నా లేకపోయినా గడియారం చూసి వేయాలి. మామూలుగా ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. ఆ రాత్రి 10 గంటలది చాలామంది డాక్టర్లు రెట్టింపు మోతాదు రాస్తారు, తెల్లవారుజామున 2 గంటలకి ఎవరూ లేవక్కర్లేకుండా. మీ చీటీలో అది లేకపోతే నోరు తెరిచి అడగండి. మీ అమ్మగారి నిద్ర ఆ ఒక్క మాత్ర మీద ఆధారపడి ఉంది. రెండోది, విరేచనం మందు లేకుండా మార్ఫిన్ మొదలుపెట్టడం. మలబద్ధకం ఖాయం, అది తనంతట తాను తగ్గదు. బిసకోడిల్‌లాంటిది మొదటి రోజు నుంచే నడవాలి, 3 రోజులు విరేచనం కాకపోతే ఫోన్ చేయాలి. మూడోది, తొలి రెండు మూడు రోజుల మగత చూసి భయపడి ఆపేయడం. అది ఎక్కువగా, ఇన్నాళ్లూ పట్టని నిద్ర పట్టడమే. లేపితే లేచి సరిగ్గా సమాధానం చెబుతుంటే భయం లేదు. లేపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా తర్వాతి మాత్ర ఆపి వెంటనే డాక్టరుకి ఫోన్ చేయాలి. నాలుగోది, “ఇది ఆఖరి మందట కదా” అనే బంధువు మాట. నొప్పికి తగ్గ మోతాదులో, డాక్టరు లెక్క ప్రకారం వేసిన మార్ఫిన్ ప్రాణం తీయదు, నొప్పి ఉన్న మనిషిని వ్యసనపరుణ్ణీ చేయదు. మాత్రలతో చాలకపోతే పొట్ట వెనక నరాల గుంపుకి ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి మొద్దుబార్చే పద్ధతి ఉంది, సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అంటారు. ఆయన ఒంట్లో ఓపిక ఉండగానే అడగాలి.

రాత్రిళ్లు అమ్మని భయపెట్టేది నొప్పి ఒక్కటే కాకపోవచ్చు. చివరి వారాల్లో చాలామందికి చిత్తభ్రమ వస్తుంది. రాత్రి పదకొండింటికి లేచి “బండి కట్టండి, పొలానికెళ్లాలి” అంటారు, పోయినవాళ్లతో మాట్లాడతారు, చెయ్యి పట్టుకుంటే విదిలించి కొడతారు. ముప్ఫై, నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి “నువ్వెవరు?” అంటే ఆ దెబ్బ మామూలుది కాదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టిస్తారు. కట్టుకోనివ్వండి, దాంతో నష్టం లేదు. కానీ పొద్దున్నే మూత్రం ఆగిందా, విరేచనం ఎన్నాళ్లైంది, జ్వరం ఉందా, కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టారు అన్నవి చూసి డాక్టరుకి చెప్పాలి. పొత్తికడుపు ఉబ్బి మూత్రం ఆగినవాళ్లు ట్యూబు వేయగానే శాంతించడం తరచూ జరిగేదే. గదిలో చిన్న లైటు, కనపడేలా గడియారం, తెలిసిన గొంతు ఉండాలి. వాదించొద్దు. “పొద్దున్నే వెళ్దాం నాన్నా” అంటే సరిపోతుంది.

ఇప్పుడు డ్యూటీల సంగతి. “అందరం చూసుకుంటున్నాం” అనే ఇంట్లో నిజానికి చూసుకునేది ఒక్కరే. అది ఎవరో తెలుసుకోవడానికి నన్నేం అడగక్కర్లేదు, రాత్రి ఆయన ఎవరి పేరు పెట్టి పిలుస్తున్నారో అదే జవాబు. ఒక మనిషికి రాత్రిలో ఒక్కసారైనా 5 గంటలు తెగకుండా నిద్ర ఉండాలి. ఒకరు రాత్రి 9 నుంచి 2 దాకా, ఇంకొకరు 2 నుంచి 7 దాకా చూడాలి. డ్యూటీ లేనివాళ్లు వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోవాలి. అదే గదిలో కింద చాప వేసుకుని పడుకుంటే ప్రతి మూలుగుకీ లేస్తారు, డ్యూటీ మారినట్టే కాదు. అమ్మ ఒప్పుకోరు, “నేనుంటేనే ఆయనకి నిమ్మళం” అంటారు. అప్పుడు విశ్రాంతి తీసుకోమని బతిమాలకుండా, పొద్దున 6 గంటల మాత్ర, కాఫీ, మొహం తుడవడం ఆమెకే ఉంచి, రాత్రి భాగం మాత్రం అడగండి. ఏ పని తనది అన్నది ఖాయంగా ఉంటే మిగతాది వదలడం తేలిక.

వదిన గురించి మీ ప్రశ్నలో ఒక్క వాక్యమే ఉంది. బహుశా ఒళ్లు తుడిచేది, డైపర్ మార్చేది, పరామర్శకి వచ్చినవాళ్లకి కాఫీలు పెట్టేది, పిల్లల్ని బడికి పంపేది ఆమే అయ్యుంటుంది. మామగారి ఒంటికి కోడలు చేసే సేవలో ఇద్దరికీ సిగ్గు, ఇబ్బంది ఉంటాయి. దాన్నెవరూ పైకి అనరు. స్నానం, డైపర్ పనికి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఊళ్లోంచే ఒక మగమనిషిని కూలికి పెట్టండి. ఆ ఖర్చు మీరూ అక్కా పంచుకోండి. నేనైతే హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో ఇంకో రెండు రోజుల అడ్మిషన్ కంటే ముందు డబ్బు పెట్టేది దీనికే.

అక్క విషయం. దూరం నుంచి హఠాత్తుగా దిగి “ఇంకా ఏమైనా చేయండి, వెంటిలేటర్ పెట్టండి” అని పట్టుబట్టే సంతానాన్ని అమెరికా డాక్టర్లు ‘కాలిఫోర్నియా నుంచి వచ్చిన కూతురు’ అంటారు. కాలిఫోర్నియాలో అదే మనిషిని న్యూయార్క్ కూతురు అంటారట. వెక్కిరింత పక్కన పెడితే, అక్కడ ఉన్నది అపరాధభావం. రోజూ చూసేవాళ్లకి ఆయన కొంచెం కొంచెంగా తగ్గారు. ఆమె మనసులో ఉన్నది పోయినసారి ఎయిర్‌పోర్టుకి వచ్చి సాగనంపిన నాన్న. వీడియో కాల్‌లో మొహం ఒక్కటీ చూపిస్తే సరిపోదు. కాళ్ల వాపు, పక్కటెముకలు, తినే నాలుగు చెంచాలు కూడా చూపించండి. ఆమెకీ ఒక పని అప్పజెప్పండి: వారానికి ఒకసారి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, ఆ సంగతులు ఫ్యామిలీ గ్రూపులో తెలుగులో రాయడం. ఇక ప్రతి మేనత్తకీ, బాబాయికీ అమ్మ కథ మొదట్నుంచీ చెప్పాల్సిన అవసరం ఉండదు. పరామర్శకి సాయంత్రం 4 నుంచి 6 అని గ్రూపులో పెట్టేయండి. మంచం పక్కన కూర్చుని “మా తోడల్లుడికీ ఇదే, మూడు నెలల్లో…” అని మొదలుపెట్టేవాళ్లని వరండాలోకి తీసుకెళ్లే బాధ్యత అన్నయ్యది.

నాన్నగారికి చెప్పకపోవడం గురించి కాస్త ఎక్కువ రాయాలి. మీరంతా ప్రేమతోనే దాస్తున్నారు. కానీ దాని ఫలితం ఎలా ఉంటుందంటే, అల్సర్ అని చెప్పారు కాబట్టి అది తగ్గాలని ఆయన లెక్క. తగ్గడం లేదు, ఆసుపత్రికి తీసుకెళ్లడం లేదు. ఇక తప్పెవరిది? వండేది అమ్మ కాబట్టి ఆమె వంటది, డబ్బు వెనకాడుతున్నాడని కొడుకుది. చాలా ఇళ్లలో రోగి చిరాకంతా భార్య మీద పడటానికి కారణం ఇదే. పైగా పెద్దవాళ్లు చాలామంది కనిపెట్టేస్తారు. వాళ్లూ దాస్తారు, వీళ్లూ దాస్తారు, మంచం దగ్గర వాతావరణం గురించి తప్ప మాట ఉండదు.

అలాగని వెళ్లి కూర్చుని “నాన్నా, క్యాన్సర్” అనమని కాదు. ముందు అమ్మ, అన్నయ్య ఒప్పుకోవాలి. వాళ్ల భయం ఏమిటో అడగండి. దాదాపు ఎప్పుడూ “ఆశ వదిలేస్తారు” అనే చెబుతారు. తర్వాత పాలియేటివ్ డాక్టరో నర్సో ఆయనతో విడిగా 15 నిమిషాలు కూర్చుని అడగాలి: “మీ ఒంట్లో ఏం జరుగుతోందని మీకనిపిస్తోంది? వివరాలు మీకే చెప్పమంటారా, పెద్దబ్బాయికి చెప్పనా?” చాలామంది “వాడికే చెప్పండి” అంటారు. అదీ పూర్తి జవాబే, అక్కడితో ఆగాలి. ఆయనే అడిగితే అడిగినంత వరకే చెప్పాలి, ఇన్ని నెలలని అంకె ఇవ్వకూడదు. ఇంట్లో ఎవరినైనా ఆయన హఠాత్తుగా “నేను పోతున్నానా?” అని అడిగితే “ఛ, ఏం మాటలవి” అని మాత్రం అనొద్దు. “ఎందుకలా అనిపిస్తోంది నాన్నా?” అని అడిగి ఊరుకోండి, మిగతాది ఆయనే మాట్లాడతారు. బ్యాంకు నామినీ, పాస్‌బుక్కులు, ఎవరికో ఇచ్చిన చేబదులు, ఏ మందిరానికో ఉన్న మొక్కు, ఇలాంటివి ఆయన తనంతట తాను చెప్పేది ఆ తర్వాతే. ఏడు, ఎనిమిదేళ్ల పిల్లలుంటే వాళ్లకీ “తాతయ్యకి తగ్గని జబ్బు” అని చెప్పాలి. “నిద్రపోయాడు” అని చెబితే రేపు వాళ్లు పడుకోవడానికి భయపడతారు.

తిండి దగ్గర జరిగే గొడవ ఒకటుంది. ఈ జబ్బులో చివరికి ఆకలి చచ్చిపోతుంది. ఆయన తినక నీరసించడం లేదు, జబ్బు వల్లే తినలేకపోతున్నారు. అమ్మకి ఇది ఒకటికి పదిసార్లు చెప్పాలి, ఎందుకంటే అన్నం పెట్టడమే ఆమెకి తెలిసిన ప్రేమ. నాలుగు చెంచాల పెరుగన్నం, రాగిజావ, మజ్జిగ, ఆయన అడిగినప్పుడు, అడిగినంతే పెట్టండి. బలవంతంగా పెడితే పొలమారుతుంది. “కనీసం సెలైనైనా ఎక్కించండి” అని ఊళ్లో ఆర్‌ఎంపీని పిలుస్తారు. లివర్ దెబ్బతిని రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గిన మనిషికి ఎక్కించిన నీళ్లు కాళ్లలోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగి ఆయాసం పెంచుతాయి. నోరు ఎండితే రెండు గంటలకోసారి తడి దూదితో తుడిచి, పెదాలకి వాజలీన్ రాయండి. ఆ పని అమ్మకివ్వండి, చేతులకి పని ఉన్నట్టు ఉంటుంది.

ఆ చివరి రోజు గురించి ఇప్పుడే కూర్చుని తేల్చుకోవాలి. ఏళ్ల తరబడి మనసుని తొలిచేది ఎక్కువగా ఆ ఒక్క రాత్రి జరిగినదే. ఏమీ అనుకోని ఇంట్లో గురక మొదలవగానే ఎవరో 108కి ఫోన్ చేస్తారు, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో గొంతులోకి వెంటిలేటర్ ట్యూబు వేస్తారు, తర్వాత తీయమనడానికి ఎవరికీ నోరు రాదు. ఆయన పోయేది ఐసీయూలో, అమ్మ బయట బెంచీ మీద. ఇంట్లోనే ఉంచాలని నిర్ణయిస్తే ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి: ముందు ఫోన్ చేయాల్సిన నర్సు నంబరు, తర్వాత డాక్టరుది, ఆయాసానికీ కంగారుకీ వేయాల్సిన మందుల పేర్లు, “ఆసుపత్రికి తరలించవద్దు” అని అందరి సంతకాలు. గొంతులో గరగర చూసేవాళ్లకే భయంకరంగా ఉంటుంది, ఆ దశలో ఆయనకి స్పృహ దాదాపు ఉండదు. పక్కకి ఒత్తిగిలి పడుకోబెడితే తగ్గుతుంది, డాక్టరు రాస్తే ఆ గరగర తగ్గించే హయోసిన్ ఇంజెక్షన్ ఉంది. ఊపిరి ఆగి ఆగి రావడం, చేతులు కాళ్లు చల్లబడి మచ్చలు తేలడం, మూత్రం తగ్గడం, ఇవన్నీ ముందే చెప్పి ఉంచితే వదిన కెవ్వున అరవదు. ఆయనకి విషయం తెలిసి, స్పృహలో ఉండి, వెంటిలేటర్ వద్దని తనే రాయదలచుకుంటే సుప్రీంకోర్టు 2018 తీర్పు, 2023 సవరణల ప్రకారం ఇద్దరు సాక్షుల ముందు రాసి నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరింపజేసుకోవచ్చు. ఇంట్లో పోతే, ఇటీవల చూసిన డాక్టరు నుంచి మరణ కారణం రాసిన ఫారం 4ఎ తీసుకుని 21 రోజుల్లోగా మరణం నమోదు చేయించాలి. ఆ డాక్టరు ఎవరో ముందే మాట్లాడి పెట్టుకోకపోతే శవాన్ని ఇంట్లో ఉంచుకుని సర్టిఫికెట్టు కోసం తిరగాలి.

ఇక అమ్మని ఎప్పుడు చూపించాలి అన్నది. నొప్పి తగ్గి, వారం రోజులు రాత్రి నిద్ర దొరికాక మళ్లీ చూడండి. చాలామంది అప్పటికే సగం మామూలవుతారు. అప్పుడు కూడా రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులు, దేనిమీదా మనసు లేకపోవడం, అవకాశం ఉన్నా నిద్ర రాకపోవడం, తన బీపీ, షుగరు మాత్రలు మానేయడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. పీహెచ్‌క్యూ-9 అనే 9 ప్రశ్నల పట్టిక ఉంది, 27కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. చావు గురించిన 9వ ప్రశ్నకి ‘అవును’ అంటే మొత్తం ఎంతొచ్చినా ఆగకూడదు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది కాబట్టి వారానికే లాభం లేదని మానేయొద్దు. నాన్నగారి నిద్రమాత్రల స్ట్రిప్పులోంచి అమ్మ ఒకటి తీసుకోవడం మాత్రం పూర్తిగా ఆపించండి. ఆల్‌ప్రజోలం లాంటివి నెల తిరక్కుండా అలవాటైపోతాయి, మత్తులో రాత్రి మంచం దగ్గర జారి తుంటి విరిగితే ఇంట్లో ఇద్దరు రోగులవుతారు.

పోయిన తర్వాత పెద్ద దినం దాకా ఇల్లు నిండా జనం ఉంటారు, ఆమె బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. ఖాళీ అయ్యేది ఆ తర్వాత. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మందు టైమైందని లేచి కూర్చోవడం మొదటి నెలల్లో మామూలే. మీలో ఎవరో ఒకరు సెలవు పెడితే ఆ పదిరోజుల్లో కాదు, ఆ తర్వాతి నెలలో పెట్టండి. ఆరు వారాలకి అమ్మకి ఒక బీపీ, షుగరు పరీక్ష చేయించండి. మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఇంట్లో ఉంచకుండా, లెక్కపెట్టి, ఇచ్చిన కేంద్రంలోనే అప్పగించండి.